పన్నెండు వోల్టుల హబీబ్ గారు

కొత్త పవర్ సప్లైకి మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఒక వాసన వస్తుంది. లోపలి తీగల మీది వార్నిషు, కొత్త అట్టపెట్టె, కాస్త వేడి, మూడూ కలిసిన వాసన. కాసేపటికి అదే పోతుంది. ఇవాళ పొద్దున పార్సిల్‌లో వచ్చిన సరుకును ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి పరీక్షిస్తుంటే దుకాణమంతా ఆ వాసన నిండింది. పక్క టీకొట్టు అతను తొంగిచూసి, ఏదో కాలుతోందని కంగారుపడ్డాడు. నాకు మాత్రం హబీబ్ గారు వచ్చి వెనక నిలబడ్డట్టు అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా నాకు తెలియకుండానే నిటారుగా సర్దుకుంటాను. బల్ల ముందు వంగి కూర్చుంటే ఆయన ఊరుకునేవారు కాదు. "పని చేస్తుండావా, కునుకు తీస్తుండావా అమ్మా?" అనేవారు.

నాది వెంకటాచలంలో హైవే పక్కన చిన్న దుకాణం. కార్లకు మ్యూజిక్ సెట్లు బిగిస్తాను. కారు అమ్మేసి, సెట్టును మాత్రం అమ్ముకోలేక విప్పి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకు దాన్ని ఇంట్లో పాడేలా చేసి ఇస్తాను. ఈ రెండో రకం జనం మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. కారు మీద లేని మమకారం దానిలోని పాటల పెట్టె మీద ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఈ పని, ఈ పని చేసే పద్ధతి, రెండూ నాకు ముత్తుకూరులో హబీబ్ గారి దగ్గర అబ్బినవే. పోర్టుకు వెళ్ళే రోడ్డు మీద ఉండేది ఆయన దుకాణం. టిప్పర్ల వాళ్ళు, పవర్ ప్లాంటు ఇంజనీర్లు, రొయ్యల గుంటల వాళ్ళు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, చెవి వెనక అత్తరు, జేబులో దువ్వెన. దుమ్ములో దొర్లే పని చేస్తూ ఆ చొక్కా ఎలా నలగకుండా ఉండేదో దేవుడికే తెలియాలి. తన చెవుల గురించి ఆయన చెప్పుకునే గొప్పలు వింటే నవ్వొచ్చేది. రోడ్డు మీద పోయే కారులో ఏ స్పీకరు పోయిందో దుకాణంలో కూర్చుని చెప్పేవారు. తప్పు చెప్పినా ఎవరూ వెళ్ళి చూసి రారు కదా అని నేను ఏడిపించేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది, కానీ నాకు టీ చెప్పడం మానేవారు కాదు.

మాది సంగం దగ్గర వరి పండించే కుటుంబం. పెళ్ళయి ముత్తుకూరు వచ్చాను. మా ఆయన పోర్టులో టిప్పర్ నడిపేవాడు. ఇంట్లో ఒక్కదాన్నే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, బిల్లులు రాసే పనేదైనా ఉందేమోనని ఆ దుకాణానికి వెళ్ళాను. హబీబ్ గారు నా చదువు అడగలేదు. బల్ల మీద ఒక కారు సెట్టు, రెండు స్పీకర్లు ఉన్నాయి. స్విచ్ వేశారు. పాట మాత్రం పెట్టలేదు.

"ఏం వినిపిస్తాంది?" అన్నారు.

"ఏమీ లేదన్నా."

"బాగా విను."

చెవి దగ్గర పెట్టి విన్నాను. "గుయ్‌మంటోంది. మా ఊళ్ళో మోటారు షెడ్డు బయట నిలబడితే ఇట్నే ఉంటది."

ఆయన మొహం వెలిగిపోయింది. "అది పాట కాదమ్మా, కరెంటు. మన పనేందంటే, పాట వినపడాల, కరెంటు వినపడకూడదు. రేపు పొద్దున రా" అన్నారు. బిల్లులు రాయడానికని చేరినదాన్ని, మెల్లగా తీగలు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆడమనిషి యాంప్లిఫయర్ బిగించడమేమిటని ఒకరిద్దరు డ్రైవర్లు ముఖం చిట్లించారు. హబీబ్ గారు వాళ్ళ ముందే నా చేతికి కట్టింగ్ ప్లయర్ ఇచ్చి తను టీ తాగడానికి వెళ్ళిపోయేవారు.

కారు సెట్టును ఇంట్లో పెట్టుకోవాలని వచ్చేవాళ్ళంతా ఒకే తప్పు చేస్తారు. సెట్టు మీద పన్నెండు వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి, ఇంటి కరెంటును దించి ఇచ్చే పవర్ సప్లై డబ్బాల్లో పన్నెండు వోల్టులని రాసి ఉన్నది ఏది తెచ్చి తగిలించినా సరిపోతుందనుకుంటారు. "కారు అమ్మినోళ్ళు ఒక సంగతి మర్చిపోతారమ్మా. ఇన్నాళ్ళూ దానికి అన్నం పెట్టింది ఇంజను. ఇప్పుడు ఇంట్లో ఎవరు పెడతారో ముందు అది చూడాల" అనేవారు హబీబ్ గారు. కారు ముందు భాగంలో ఉండే చిన్న సెట్టు తినేది కొంచెమే. అసలు తిండిపోతులు పాటకు బలమిచ్చే యాంప్లిఫయరు, డప్పు మోతనిచ్చే బేస్ పెట్టె. వాటి ఆకలి ఎంతో తెలుసుకోవాలంటే పెట్టె మీది గొప్ప గొప్ప అంకెలు చూడకూడదు, తీగ పక్కనున్న ఫ్యూజు మీది అంకె చూడాలి. సప్లై ఆ అంకె కన్నా కాస్త పెద్దదే ఉండాలి. పాత కంప్యూటర్ నుంచి విప్పిన సప్లై చవకగా దొరుకుతుంది, మెల్లటి పాటకు పనికొస్తుంది. డప్పు మోగగానే చేతులెత్తేసి ఆరిపోతుంది. బరువైన పాత కాలం ట్రాన్స్‌ఫార్మర్ రకం మొండిది, కానీ నాసిది దొరికితే ఇందాకటి మోటారు షెడ్డు మోత ఇంటికి తెచ్చుకున్నట్టే. దుకాణాల లైటు బోర్డులకు వాడే రకంలో పెద్దది, లోపల ఫ్యాను ఉన్నది అయితే మంచిది. దానికి ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పి, ఇంజను నడుస్తున్న కారులో ఎంత ఉంటుందో అంతకు, అంటే పన్నెండుకు కాస్త పైకి తెచ్చుకోవచ్చు. కారు బ్యాటరీ పెట్టి ఛార్జర్ తగిలిస్తే మోత అన్నిటికన్నా బాగుంటుంది. కానీ తలుపులేసుకున్న గదిలో బ్యాటరీ వదిలే ఆసిడ్ గాలి మంచిది కాదు. "పాటలు వింటా దగ్గుకుంటా కూర్చుంటారా?" అని నన్ను అడిగేవారు. అన్నీ బిగించాక తనకిష్టమైన డప్పుల పాటొకటి గట్టిగా పెట్టి, అరచేత్తో తీగను పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. తీగ వేడెక్కితే మళ్ళీ మొదటికి. లావు తీగ, పొట్టి తీగ వేసేదాకా ఆ సెట్టు దుకాణం దాటేది కాదు.

ఇంత తెలిసిన మనిషి వచ్చినవాళ్ళకు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పేవారు కాదు. నాకు చెప్పారు, పనిలో మనిషిని కాబట్టి. జనానికి మాత్రం "ఇది తీసుకో" అనో "వద్దు" అనో చెప్పి ఊరుకునేవారు. ఆ వద్దులో ఒక దర్జా ఉండేది. తల పైకెత్తి, చొక్కా మడత సర్దుకుని అనేవారు. పెద్ద డాక్టరు చీటీ రాసిచ్చినట్టు జనం కూడా నోరెత్తకుండా వెళ్ళిపోయేవారు. నాకు అది భలే నచ్చింది. ఇంట్లో నేనూ మొదలుపెట్టాను. ఎందుకని మా ఆయన అడిగితే "వద్దంటే వద్దంతే" అనేదాన్ని. "అబ్బో, మీ హబీబ్ గారొచ్చినాడే మా ఇంటికి" అని నవ్వేవాడు.

రమణయ్య మా సంగం వైపు మనిషే. ముత్తుకూరుకు అవతల ఉప్పుటేటి పక్కన గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. అంతకు ముందు పంట జబ్బు చేసి పోయింది. ఈసారి కూడా నిలబడకపోతే గుంట వదిలేసి ఇంటి ముఖం పట్టడమేనని అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. కారు అమ్మి మేత కొన్నాడు. సెట్టును మాత్రం విప్పి ఉంచుకున్నాడు. పెళ్ళాం బిడ్డలు సంగంలో, తను గట్టు మీద రేకుల షెడ్డులో. పొద్దస్తమానం నీళ్ళ వైపు చూస్తూ కూర్చునే మనిషికి ఇంకేం తోడుంటుంది? ఒక మధ్యాహ్నం ఆ సెట్టును తువ్వాల్లో చుట్టుకుని మా దుకాణానికి వచ్చాడు.

"షెడ్డులో పెట్టుకుంటానన్నా. రొయ్యల మీద వాలే నీటికాకులు పాటలకు బెదిరిపోతాయి" అన్నాడు, పాటలు వినడానికి కాదన్నట్టు.

హబీబ్ గారు యాంప్లిఫయర్‌ను తిప్పి ఫ్యూజు చూశారు. "దీనికి ఈడుండే సప్లైలు చాలవు. పెద్దది కావాల. నెల్లూరు నుంచి తెప్పిస్తా. వచ్చే వారం రా."

"అందాకా బ్యాటరీకి తగిలించుకుంటాలే."

"వద్దు."

"ఎందుకొద్దన్నా?"

"వద్దంటే వద్దు రమణయ్యా."

అప్పుడే బయట ఎవరో ఇంజనీరు గారి కారు హారన్ మోగింది. హబీబ్ గారు దువ్వెన తీసుకుంటూ బయటికి వెళ్ళారు. రమణయ్య సెట్టును మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు. "పెద్దది అమ్ముకోవాలని చూస్తుండాడు, ఇంకేంది" అని తనలో తను అనుకుంటున్నట్టే నాకు వినపడేలా అని, మెట్లు దిగిపోయాడు.

రొయ్యల గుంటల సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుంటలో నీళ్ళను చిలుకుతూ చక్రాలు తిరుగుతుంటాయి. వాటిని ఏరియేటర్లంటారు. అవి తిరిగితేనే నీళ్ళలో గాలి కలుస్తుంది, రొయ్య బతుకుతుంది. రొయ్యలు పట్టే రోజు దగ్గరపడి రొయ్య పెద్దదైన రోజుల్లో అవి కాసేపు ఆగినా ప్రమాదమే. అందుకని ప్రతి గుంట దగ్గరా జనరేటర్ ఉంటుంది. కరెంటు పోగానే తాళం తిప్పితే లేస్తుంది. దాన్ని లేపే బలం పక్కనుండే బ్యాటరీది. జనరేటర్ నడిచినంతసేపూ ఆ బ్యాటరీకి మళ్ళీ ఛార్జి ఎక్కుతుంది. షెడ్డులో రమణయ్యకు కనబడిన బ్యాటరీ అదే. దాని మానాన అది ఖాళీగా కూర్చుంది కదా, ఎలాగూ ఛార్జి ఎక్కేదే కదా అనుకుని సెట్టును దానికి తగిలించుకున్నాడు. మామూలుగా మా వైపు కరెంటు పోని రోజుండదు. ఆ వారం మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. పోకపోవడమే కొంప ముంచింది. జనరేటర్ వేసే పని పడలేదు, బ్యాటరీకి ఛార్జి ఎక్కలేదు, బేస్ పెట్టె మాత్రం దాన్ని తాగుతూనే ఉంది.

మబ్బు పట్టి, ఆకు కదలని ఒక సాయంత్రం కరెంటు పోయింది. కొంతసేపటికి దుకాణానికి ఫోన్ వచ్చింది. "అన్నా, జనరేటర్ లేవడంలా. టక్‌మని ఆగిపోతాంది. రొయ్యలు తేలతా ఉండాయి. రా అన్నా" అని రమణయ్య కేకలు పక్కనున్న నాకు కూడా వినిపించాయి. హబీబ్ గారు దుకాణం తలుపు కూడా వేయలేదు. నేనూ ఆయన వ్యాన్ ఎక్కాను. గట్టు మీద మలుపు తిరిగేసరికి ముందు తెలిసింది ఆ నిశ్శబ్దం. ఆ వేళప్పుడు గుంటల దగ్గర చక్రాల హోరు ఉండాలి. లేదు. రమణయ్య నడుం లోతు నీళ్ళలో దిగి రెండు చేతులతో నీళ్ళను కొడుతున్నాడు. అంత పెద్ద గుంటను మనిషి చేతులతో చిలకగలడా? అయినా కొడుతూనే ఉన్నాడు. అంచు వెంట రొయ్యలు మీసాలు పైకి పెట్టి మూగి ఉన్నాయి.

హబీబ్ గారు షెడ్డులోకి వెళ్ళి బ్యాటరీ మీద నుంచి సెట్టుకు పోతున్న తీగలను చూశారు. తర్వాత ఆ తీగలు పీకేసి, వ్యాన్ బ్యాటరీ నుంచి తీగలు కలిపి జనరేటర్‌ను లేపారు. చక్రాలు తిరిగాయి. కానీ అప్పటికే ఆలస్యమైంది. బతికినవి బతికాయి, చాలా మటుకు చచ్చి అడుగుకు చేరాయి. రమణయ్య గట్టెక్కి, సెట్టును ఎత్తి బురదలోకి విసిరేసి, అక్కడే కూలబడ్డాడు. "వద్దన్నాడు గదా, వద్దన్నాడు గదా" అని తల కొట్టుకున్నాడు. ఆయన స్థానంలో నేనుంటే "చెప్పానా లేదా?" అని ఒక మాట అనేదాన్నే. హబీబ్ గారు మాత్రం తెల్ల చొక్కాతోనే బురదలో దిగి, ఆ సెట్టును తీసి వ్యాన్‌లో పెట్టారు.

తర్వాత నెల్లూరు నుంచి పెద్ద సప్లై వచ్చింది. అప్పటికి రమణయ్య గుంట వదిలేసి సంగం వెళ్ళిపోయాడు. హబీబ్ గారు సెట్టులోని బురద కడిగి ఆరబెట్టారు. సప్లై బిగించారు, అరచేత్తో తీగ పట్టుకుని చూశారు. ఆ పనంతా అయ్యేదాకా ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు, పోయే కార్ల వంక తలెత్తి చూడలేదు. ఒక ఆదివారం దాన్ని వ్యాన్‌లో పెట్టుకుని "సంగంలో ఆయన ఇల్లు నీకు తెలుసు గదా, నడువమ్మా" అన్నారు. వెళ్ళాం. రమణయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. హబీబ్ గారు గ్లాసు పక్కన పెట్టి, నిలబడే మాట్లాడారు.

"ఒక మాట చెప్పి పోదామని వచ్చినా రమణయ్యా. ఆ పొద్దు నేను వద్దన్నా. ఏ బ్యాటరీ అని అడగలా. ఎందుకొద్దో చెప్పలా."

"నువ్వు చెప్పినా నేను వినుండేవాణ్ణి కాదులే అన్నా. నీ సరుకు అమ్ముకునేదానికి చెప్తుండావని అనుకునుంటా."

"వినేది, వినకపోయేది నీ ఇష్టం. చెప్పేది నా పని. నేను నా పని చేయలా."

రమణయ్య కళ్ళలో నీళ్ళున్నాయి. కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. చివరికి "మజ్జిగ తాగన్నా" అన్నాడు. మళ్ళీ అన్నాడు: "ఆ సెట్టు మాత్రం బండిలోంచి దించొద్దు. నేను చూడలేను." హబీబ్ గారు బతిమాలలేదు. మజ్జిగ మొత్తం తాగి, గ్లాసు ఆ ఇల్లాలి చేతికిచ్చి, నమస్కారం పెట్టి వచ్చేశారు. పెన్న మీది బ్యారేజీ దాటాం. ఆ తర్వాత వ్యాన్ పక్కకు ఆపి, అద్దం సరిచేస్తున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను పెన్న వైపు చూస్తూ కూర్చున్నాను. అంత గర్వంగల మనిషి ఒక ఇంటి వాకిట్లో నిలబడి ఆ మాట అనడానికి ఎంత కష్టపడి ఉంటారో అప్పుడే అర్థమైంది. అంతకుముందు ఆయన పనితనం అంటే గౌరవం. ఆ రోజు నుంచి ఆయనంటేనే గౌరవం.

ఆ తర్వాత హబీబ్ గారు మారారు. మారిన తీరు మాత్రం నవ్వు తెప్పించేది. చెప్పే అలవాటు లేని మనిషి కదా, చెప్పడం మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. ఒక ఫ్యూజు కొనడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, యాడ పెడతావు, దేనికి తగిలిస్తావు, ఆ తీగ మీద ఇంకేముండాయి అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. జనం గడియారం చూసుకునేవారు. కొందరు పక్క వీధి దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టారు. "పోనీలే అమ్మా, విన్నాకనే పోయినాడు గదా" అనేవారు. పాత దర్జాతో అనే ఆ "వద్దు" మళ్ళీ ఆయన నోట నేను వినలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఆయన పోయాక ముత్తుకూరులో ఉండబుద్ధికాక, మా ఆయనతో కలిసి ఇక్కడికి వచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాను. ఇంట్లో కూడా వద్దంటే వద్దు అనడం మానేశాను. ఇప్పుడు కారణాలతో సహా చెబుతున్నానని, అదే ఎక్కువ నసగా ఉందని మా ఆయన గొడవ.

మొన్న ఒకతను మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కారు సెట్టుకు తీగలు మాత్రం కావాలట, సప్లై అక్కర్లేదట. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, దానికి తగిలించుకుంటాడట. ఆ ఇన్వర్టర్ మీద ఏమేం నడుస్తాయని అడిగాను. ఫ్యాన్లు, లైట్లు అని, ఆగి, వాళ్ళ నాయన పడుకునేటప్పుడు ఊపిరాడటానికి ముక్కుకు పెట్టుకునే గాలి మెషీను అన్నాడు. నేను చేతిలోని తీగలు పక్కన పెట్టేశాను. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదని, పోయినప్పుడు ఆ బ్యాటరీలో ఎంత మిగిలి ఉంటుందన్నదే అసలు సంగతని చెప్పడం మొదలుపెట్టాను. అతను సగంలోనే నవ్వాడు. "సప్లై అమ్ముకునేదానికి బాగానే చెప్తుండావక్కా" అని, తీగలు కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. నాకు కోపం వచ్చింది, సిగ్గుగా కూడా అనిపించింది. అయినా వెనకాలే దిగాను. అతను బండి స్టార్ట్ చేశాడు. "నా దగ్గర కొనొద్దు నాయనా, యాడన్నా కొనుక్కో. ఆ బ్యాటరీని మాత్రం ముట్టుకోవద్దు. ఎందుకంటే..." అని ఇంజను మోతకు పైన గొంతు పెంచి, మిగతా సగం కూడా చెప్పాను.